హనుమకొండ పూలతాంబాళము

ఓరుగల్లు సీమను చూడబోవువారు సామాన్యముగా రాళ్ళను చూచి వత్తురు. కోటలోని కీర్తితోరణములు, 1163లో రుద్రదేవుడు హనుమకొండలో కట్టించిన వేయిస్తంభముల గుడి, ఇంకొంచెము దూరము పోగలిగినవారు పాలంపేటలోని రామప్పగుడి చూచి, పటములు తీసికొని, సంతోషించి మరలుదురు. అవి సంతోషింపదగినవే. అయితే ఆ సీమలో ఆడువారు కట్టు గోపుర మొకటి కలదు. అది ప్రొద్దున మొదలై మధ్యాహ్నమునకు పూర్తియగును. సంధ్యవేళకు వీథిలోనికి వచ్చును. ఆ రాత్రికే నీటిలో కలసిపోవును. దానికి శిల్పి యక్కరలేదు, ఉలి యక్కరలేదు. ఇంటిలోని పెద్దతాంబాళ మొకటి, రెండు గంపల పొలముపూలు, నాలుగు జతల చేతులు చాలును. దాని పేరు బతుకమ్మ.

మా చిన్నాడపడుచు కాపురము హనుమకొండలో. "వదినా! గుళ్ళు ఎప్పుడు వచ్చినా ఉంటాయి, పూలు ఉండవు. ఈసారి సద్దులకు రా" అని ఆమె మూడేండ్లనుండి పిలుచుచుండెను. ఇల్లు విడిచి కదలుట మనబోంట్లకు ఎంత సులభమో సోదరీమణులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఎట్లో వీలు చూచుకొని, దసరాకు మూడుదినములు ముందుగా, ఆశ్వయుజ శుద్ధ సప్తమినాడు బెజవాడలో రైలెక్కితిని.

ఖమ్మము, డోర్నకల్లు దాటిన పిదప కిటికీకి దగ్గరగా జరిగి కూర్చుంటిని. వానకాలము వెళ్ళి ఆకాశము కడిగినట్లుండెను. రైలుకట్టకు రెండు ప్రక్కల, రాతినేలలలోను, బీళ్ళలోను తంగేడు పూచియుండెను. మన కృష్ణాతీరమునను తంగేడు లేకపోలేదు. కాని మనము దానివంక తేరిపార చూడము. నీరు పోయువాడు లేడు, ఎరువు వేయువాడు లేడు; మేకలు కూడ దానిని అంతగా ముట్టవు. తోళ్ళు ఊనుటకు దాని బెరడు పనికివచ్చునని మాత్రము పూర్వమునుండి తెలియును. అట్టి చెట్టు ఈ పదిదినములు పట్టుచీర కట్టినట్లు పసుపుపచ్చగా నిలిచెను. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిదప దీనినే రాష్ట్రపుష్పముగా ఎంచుకొనిరి. గులాబిని కాదని, మల్లెను కాదని తంగేటిని ఎంచినవారి మనస్సు నాకు నచ్చినది.

చేల గట్లమీద గునుగు కనబడెను. దీనిని తెలియనివారికొరకు చెప్పుచున్నాను: మోకాలెత్తు మొదలు నడుమెత్తు వరకు పెరుగు మొక్క, కొనలయందు వ్రేలెడు పొడవున వెండికుచ్చువంటి పూవు, చివర కొంచెము గులాబిచాయ. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరులోను వెండియను మాటయే యున్నది. చేతితో తాకినచో కాగితమువలె గరగరలాడును. అందువలననే కోసి పెట్టినను త్వరగా వాడదు. జొన్నచేలలో ఇది తానై మొలచును. రైతున కిది కలుపు. ఇల్లాలి కిది పూవు. ఇప్పుడు కలుపు తీయుటకు కూలివారు దొరకక మందు చల్లుచున్నారు. మందు చల్లిన చేలలో గునుగు మొలవదు. పట్టణమువారు బజారులో కట్టలు కొనుచున్నారు. పల్లెలవారు కూడ మునుపటికంటె దూరము నడచి తెచ్చుచున్నారు. రైతును తప్పుపట్టలేము. కాని గట్టుమీది మొక్కలనైనను విడిచిపెట్టుమని ఇంటి ఆడువారు అడుగవచ్చును గదా! అడిగిన ఇండ్లలో విడిచిపెట్టుచున్నారనియు వింటిని.

నేను వెళ్ళునప్పటికి పండుగ ఎనిమిదవ దినమునకు వచ్చినది. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, దుర్గాష్టమినాడు సద్దుల బతుకమ్మతో ముగియును. నడుమ నొక్కొక్కనాటి కొక్కొక్క పేరు. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యము, అట్లు అని ఆనాటి నైవేద్యమునుబట్టి పిలుతురు. ఆరవనాడు అమ్మవారు అలిగినదని పూలు పేర్వరు. అలుగుటకు కూడ ఒక దినము కేటాయించిన పండుగ ఇదియొక్కటే కాబోలు! వేములవాడవైపున ఏడవనాడే సద్దులు చేయుదురట. ధర్మాంగదుడను రాజునకును, సత్యవతి యను రాణికిని నూరుగురు కొడుకులు పోయిన పిమ్మట లక్ష్మి కూతురై పుట్టెననియు, ఆ బిడ్డను "బతుకు అమ్మా" యని దీవించిరనియు కథ కలదు. కథ ఏదైనను పేరులోని కోరిక స్పష్టమే.

మా ఆడపడుచు అత్తగారిని ఆ వీథిలో అందరు పెద్దమ్మ అందురు. డెబ్బదియైదేండ్ల మనిషి. చూపు మందగించినది, వ్రేళ్ళు కొంచెము వణకును. కాని ఆ వీథిలో పూలు పేర్చుటలో ఆమె మాటయే మాట. నేను కాళ్ళు కడుగుకొని లోపలికి పోవునప్పటికి నడవలో తడిగుడ్డ క్రింద గునుగుకట్టలు, తంగేటికొమ్మలు గుట్టగా నుండెను. మా ఆడపడుచు పెనిమిటియు, మరదియు తెల్లవారకముందే ఊరి వెలుపలికి పోయి కోసి తెచ్చిరట. పూలు తెచ్చుట మగవారి పని, పేర్చుట ఆడువారి పని అని అక్కడి ఏర్పాటు. కొలువులు చేయువారు సైతము ఆ దినములలో మోకాలివరకు బురదతో ఇల్లు చేరుటను చూచి నాకు ముచ్చట వేసెను.

గునుగుపూవునకు రంగు అద్దుదురు. ఎరుపు, ఆకుపచ్చ, నీలము, ఊదా, ఇట్లు ఇంటింటి ఇష్టము. ఆ వీథిలో ఇరువది యిండ్లకు గునుగు అద్దిపెట్టునది ఎదురింటి కోడలు. ఆమె అద్దిన రంగు కారదు, పూవు మెత్తపడదు అని పేరు. గడచిన వేసవిలో ఆమె భర్త అకస్మాత్తుగా పోయెను. ఎనిమిదేండ్ల కూతురు, అయిదేండ్ల కొడుకు. ఏడు తిరుగువరకు ఆ యింట పండుగ లేదు. ఈసారి ఎవరును పూలు పట్టుకొని ఆ గడప ఎక్కలేదు. ఎవరి పూలు వారే ఎట్లో అద్దుకొనిరి. చెడ్డతనముచే కాదు. ఏమని పిలుచుట, ఏమని అడుగుట అను సంకోచముచే. మనలో సంకోచము కూడ అప్పుడప్పుడు గోడవలె నిలుచును.

సప్తమి సాయంకాలము నడవలో నలుగురైదుగురు చేరి తంగేటిపూలు త్రుంచుచుండగా ఎదురింటి చిన్నది వచ్చి గుమ్మములో నిలువబడెను. "పెద్దమ్మా, గునుగు పంపుమన్నది మా అమ్మ. అద్ది ఇస్తదంట" అని ఒక్కమాటలో చెప్పెను.

చేతులన్నియు ఆగినవి. ఒక ముత్తయిదువ మెల్లగా, "ఏడాది పట్టింపున్న ఇల్లు. ఆమె అద్దిన పువ్వు గౌరమ్మకు ఎట్ల పెడ్తం పెద్దమ్మా? తెలిసి తెలిసి చేస్తే రేపు ఏమన్నా అయితే?" అనెను. ఆమె గొంతులో దురుసుతనము లేదు, భయమే యుండెను. ఆమెకును చిన్నపిల్లలున్నారు.

పెద్దమ్మ తంగేటిపూలకు దారము చుట్టుట మానలేదు. "మొదటిరోజు ఏం పూలు పేరిస్తిమి?" అని అడిగెను.

"ఎంగిలిపూలు."

"ముందటి దినం తెచ్చి దాచిన పూలను ఎంగిలి పూలంటిమి. ఆ ఎంగిలినే గౌరమ్మ వద్దనకపాయె. కన్నీళ్లు పడ్డ పువ్వును వద్దంటదా బిడ్డా? నీకు భయమయితే మీ ఇంటి పూలు ఇక్కడ్నే ఉంచు. మా ఇంటియి మాత్రం పోతయి."

పిదప చిన్నదానితో, "నేనే తెస్తున్న అని చెప్పు" అని, గంప నెత్తవలసినదిగా నావంక చూచెను. ఆ ముత్తయిదువ కొంతసేపు మాటాడలేదు. మేము గడప దాటునప్పుడు తన కట్టలలో ఒకటి తీసి మా గంపలో పెట్టెను. మిగిలినవి పెట్టలేదు.

ఎదురింటి పెరటిలో రాతిపొయ్యిమీద నీళ్ళు కాగుచుండెను. ఆమె మమ్ము చూచి లేచి నిలువబడి, గంప నందుకొని, మరల కూర్చుండెను. ముప్పదియేండ్లు లోపు మనిషి. పలుకరింపులకు వ్యవధి ఇయ్యక పనిలో దిగుటయే ఆమెకు తేలిక యని గ్రహించి నేనును పీట వేసికొంటిని.

ఆమె చేయు విధానము తెలిసికొనదగినది. ముందు ఆకులు దూసివేసి, పూలను పిడికెడు పిడికెడుగా పొందించి, తలలన్నియు ఒక్క ఎత్తున నిలుచునట్లు తట్టి, దారముతో కట్టి, కాడలను కత్తిపీటమీద సమముగా కోసెను. వేడినీళ్ళు మూడు బేసినులలో పోసి రంగులు కలిపెను. పసుపునకు ఇంటిపసుపే. ఎరుపునకు ఆ పసుపునీటిలోనే సున్నపుతేట చుక్కచుక్కగా విడిచెను. మనము పారాణికి చేయునట్లే. ఆ యెరుపు ఎక్కువ దినములు నిలువదు. ఒక్క సాయంకాలము నిలిచిన చాలునుగదా యని ఆమె యభిప్రాయము. నీలమునకు బట్టలకు పెట్టు నీలిమందు. బజారులో పొట్లములుగా అమ్ము గాఢమైన రంగులు తాను రెండేండ్లక్రిందట మానివేసెననియు, నిమజ్జనమైన మరునాడు గట్టున నీరు రంగు తేలుట చూచి మనసొప్పలేదనియు చెప్పెను.

కట్టను తలక్రిందుగా పట్టి సగమువరకే ముంచవలెను. లోతుగా ముంచినచో పూవు నీరు పీల్చి వ్రేలాడును. ముంచి, అయిదు లెక్కించునంతసేపుంచి, తీసి, రెండుమారులు విదిలించవలెను. సగము ముంచుటవలన పైన రంగు, క్రింద వెండి. రెండు వన్నెలు ఒక్క పూవులో నిలుచును. ఆరవేయుటకు ఆమె నులకమంచము నొకటి వాల్చి, దాని సందులలో కాడలు గ్రుచ్చి, తలలు క్రిందికి వ్రేలాడునట్లు పెట్టెను. రంగు కారినను నేలమీదికే కారును, కాడలకంటదు. ఇంత తెలివియైన ఉపాయము ఏ పుస్తకములోను చదువలేదు.

పూవునకు దేవుడిచ్చిన వన్నె చాలదా, మనమేల పూయవలెనని మన ప్రాంతపు సోదరీమణులకు తోచవచ్చును. పసుపొక్కటి, వెండి యొక్కటి. బీడునేల ఇచ్చినవి ఆ రెండే. గులాబితోటలు గలవారికి రంగులు కొనితెచ్చిన పనిలేదు. ఎండపొలము నమ్ముకొన్న యింటి ఆడుది తనకు దొరకిన దానికి తన చేతి కష్టము కలిపి ఇచ్చుచున్నది. అద్దుటలో నాకు కనబడినది అలంకారముకంటె ఆ చేతి కష్టమే. మనము సంక్రాంతికి గొబ్బెమ్మమీద గుమ్మడిపూవు గ్రుచ్చి చుట్టు ముగ్గు వేయుటయు ఇట్టిదే.

పనినడుమ ఆమె ఒక్కమారే తనను గూర్చి మాటాడెను. "ఇరవై ఇండ్లకు అద్దేదాన్ని అక్కా. ఈ ఎనిమిది రోజులు చేతులు ఊరికెనే ఉన్నయి. అదే నాకు ఓర్వరాలేదు." పెద్దమ్మ ఏమియు నోదార్పు చెప్పలేదు. ఇంకొక కట్ట అందించెను.

మరునాడు దుర్గాష్టమి. స్నానములై, వాకిట పేడతో అలికి ముగ్గులు వేసిన పిదప తాంబాళము నడుమ పెట్టిరి. దానిలో గుమ్మడి ఆకులు పరచి, మొదటి వరుసకు తంగేడు. తంగేటిపూలను చిన్నచిన్న గుత్తులుగా కట్టి, కాడలు లోపలికి, పూలు వెలుపలికి వచ్చునట్లు వలయముగా పేర్తురు. దానిమీద గునుగు ఒక వరుస, మరల బంతి, మరల గునుగు. ప్రతి వరుసయు క్రిందిదానికంటె అరవ్రేలు లోపలికి జరుగవలెను. అప్పుడే గోపురము తీరుగా లేచును. చూచువారికి వెలుపలి పూలే కనబడును. నిలబెట్టునది మాత్రము లోపల నింపు తుక్కు: కోసిన కాడలు, దూసిన ఆకులు, విరిగిన రెమ్మలు. వానిని వరుసవరుసకు నొక్కి నింపకున్నచో ఎంత అందమైన బతుకమ్మయైనను మోయునప్పుడు ప్రక్కకు కూలును. పెద్దమ్మ పూల వరుసలను కోడండ్ర కప్పగించి, తుక్కు నింపుట మాత్రము తన చేతనే యుంచుకొనెను. కంటికి కనబడకున్నను అరచేతికి తెలియునట. నడుమనడుమ తాంబాళము త్రిప్పి, "ఇటు వెలితి పడ్డది" అని వ్రేలు పెట్టి చూపెను. చూచితిమి గదా, వెలితియే!

రెండడుగుల ఎత్తు లేచిన తల్లి బతుకమ్మ శిఖరమున గుమ్మడిపూవు పెట్టి, పసుపుముద్దతో గౌరమ్మను చేసి నిలిపిరి. ప్రక్కన పిల్ల బతుకమ్మ. అద్దిన గునుగులో ఎరుపు, నీలము, వెండి ఒకదానిప్రక్క నొకటి నిలిచి చూపరుల కన్ను మరలనీయలేదు. నిన్నటి ముత్తయిదువ వచ్చి చూచి, ఆ వరుసను వ్రేలితో మెల్లగా తాకి, "ఆమె చెయ్యి ఆమెదే" అని పోయెను.

పిమ్మట అందరు ఫలాహారమునకు లేచినను పెద్దమ్మ లేవలేదు. చిన్న ఇత్తడిపళ్ళెము తెప్పించుకొని, అద్దకుండ విడిగా నుంచిన తెల్లగునుగును, తంగేటిని తీసికొని, జానెడెత్తు బతుకమ్మ నొకటి తానొక్కతెయే పేర్చెను. వ్రేళ్ళు వణకుటచేత ఒకటి రెండు పూలు రాలినవి. మేము సాయము చేయబోగా వలదనెను. గౌరమ్మను నిలుపలేదు, కుంకుమ పెట్టలేదు. పూలు మాత్రమే. ముగించి, పళ్ళెమును కొంగుతో కప్పి, ఎదురింటికి పోయి గడప లోపల పెట్టి, "పిల్లల కోసం. పండుగ కాదు, పువ్వులు" అని చెప్పి వచ్చెను. ఆ యింటి ఆచారమును ఆమె త్రోయలేదు. ఆ యింటి మనుష్యులను విడువలేదు. పెద్దవారై, నియమములన్నియు తెలిసినవారే ఇట్టి సన్నని త్రోవ కనుగొనగలరు. మేమెవ్వరము దానిని తలచియుండము.

సాయంకాలము పద్మాక్షి గుట్టకు బయలుదేరితిమి. ఆ గుట్టను గూర్చి ఒకమాట చెప్పవలెను. కాకతి రెండవ ప్రోలరాజు మంత్రియైన బేతని భార్య మైలమ 1117లో అచ్చట కడలాలయ బసది యను జైనమందిరమును కట్టించి, దానికి భూమి ఇచ్చినట్లు శాసనము కలదు. రాజులు గుళ్ళు కట్టించినట్లు అందరు చెప్పుదురు. ఒక మంత్రి యిల్లాలు తన పేర రాయి నిలిపినట్లు చెప్పువారు తక్కువ. జైనుల చిహ్నములు ఇప్పటికిని గుట్టమీది రాతిలో కనబడును; అమ్మవారు పద్మాక్షియై పూజలందుచున్నది. గుట్టక్రింద నీటిగుండము. తొమ్మిది వందల యేండ్లక్రిందట ఒక స్త్రీ దానమిచ్చిన చోటికే ఏటేట వేలకొలది స్త్రీలు పూలు మోసికొని వచ్చుచున్నారు. ఈ స్త్రీలలో ఎందరికి మైలమ పేరు తెలియును?

వీథులన్నియు నెత్తిమీది పూలగోపురములతో కదలుచుండెను. క్రొత్తచీరలు, క్రొత్తగాజులు, పుట్టింటికి వచ్చిన ఆడపడుచులు, వారి చంకలలో బిడ్డలు. మైదానమున బతుకమ్మలను గుంపులు గుంపులుగా నడుమ దించి, చుట్టు వలయముగా తిరుగుచు, చప్పట్లు చరచుచు, ఒకరు పాట యందింపగా మిగిలినవారు "ఉయ్యాలో" యని యందుకొనిరి. పాటలలో పురాణమున్నది, అత్తింటి కష్టమున్నది, అన్నదమ్ములమీది బెంగయున్నది. చదువుకొనిన కోడలును, కూలికి పోవు స్త్రీయు ఒకే అడుగు వేయుచుండిరి. 2014లో దీనిని రాష్ట్రపండుగగా ప్రకటించిన పిదప దీపాలంకారములు, ధ్వనివర్ధకములు హెచ్చినవి. వాని మ్రోతలో ముసలివారి గొంతు వినబడకపోవుట నాకు కష్టముగా తోచినది. ముందుగా పేర్చి అమ్మకమునకు పెట్టిన బతుకమ్మలును దారిలో చూచితిని. ఉద్యోగములకు పోయి పొద్దుగూకి ఇల్లుచేరు ఆడువారు కొన్నచో తప్పని నేననను. కాని కాగితపుపూలతోను, నురుగుపలకలతోను చేసిన బొమ్మలను నీటిలో వేయుట మాత్రము వలదందును. సముద్రములు దాటి వెళ్ళిన తెలంగాణ ఆడపడుచులు తంగేడు దొరకని దేశములలో అచ్చటి పూలనే వరుసలు తీర్చి ఆడుచున్నారు. అదియే మేలు. ఏ నేల పూలు ఆ నేలకు చాలును.

ఎదురింటి చిన్నది మాతో వచ్చెను. తల్లి రాలేదు. పేర్చిన పూవును ఇంటిలో వాడనీయరాదు, నీటికే ఇయ్యవలెనని చెప్పి, ఆ తెల్ల బతుకమ్మను కూతురిచేతికిచ్చి పంపినది. పిల్ల దానిని రెండుచేతుల పట్టుకొని దారిపొడవున ఎవరికిని తగులనీయక నడచెను. వలయములో దించునప్పుడు అంత పెద్దవాని నడుమ ఆ జానెడు పూలు కనబడునా యని నేననుకొంటిని. రంగులన్నిటి నడుమ ఆ తెలుపే ముందు కనబడెను.

చీకటి చిక్కబడిన తరువాత నీటి యొద్దకు పోతిమి. తాంబాళమును నీటికి తాకించి మెల్లగా జారవిడువవలెను, విసరరాదు. పెద్ద బతుకమ్మ కొంతదూరము నిటారుగా తేలి, ఒరిగి, వరుస వరుసగా విడిపోయెను. చిన్నది నావంక చూచి, "నీళ్లకు ఇస్తే ఎవరికి పోతయి?" అని అడిగెను. నేను చెప్పులోపలనే పెద్దమ్మ, "అడిగినోళ్లకు" అని, ఆమె చేయి పట్టుకొని పళ్ళెమును వంచెను.

గట్టున కూర్చుండి సద్దులు విప్పితిమి. పెరుగన్నము, చింతపండు పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వుల అన్నములు. పైన నువ్వులపొడి, పల్లీలపొడి, మలీద. ఇచ్చటి మర్యాద యేమనగా ఎవరును తమది తాము తినరు. ఇంటికొక పిడికెడు తీసి ప్రక్కవారి కొంగులో వేయుదురు, వారిది తాము పట్టుదురు. గౌరమ్మ పసుపును ఒకరి పుస్తెల కొకరు పూయుదురు. తెలియనివారికిని ఇత్తురు, నా కొంగులో ఆ రాత్రి ఏడెనిమిది యిండ్ల సద్ది పడినది, అందులో ఒక్కరి మొగమును నేను మరల చూడబోను. చిన్నదాని గౌనునకు కొంగు లేదు. ఏమి చేయుదునాయని చూచుచుండగా, నిన్న భయపడిన ఆ ముత్తయిదువయే వంగి, దాని రెండుచేతులు దోసిలి పట్టించి, నిండ మలీద పోసి, "అమ్మకు కూడ పెట్టు, తమ్మునికి కూడ" అనెను.

దసరా సాయంకాలము జమ్మిపూజ యయ్యెను. ఆ సీమలో జమ్మి ఆకును బంగారమని పెద్దలచేతిలో పెట్టి కాళ్ళకు మ్రొక్కుదురు. దీపములు పెట్టిన కొంతసేపటికి ఎదురింటి కోడలు తానై వీథి దాటి వచ్చెను. వేసవి తరువాత ఆమె ఆ వీథి దాటుట అదే మొదటిసారియని మా ఆడపడుచు నాతో తరువాత చెప్పినది. చేతిలో పెద్దమ్మ ఇచ్చిన ఇత్తడిపళ్ళెము, తోమి తళతళలాడుచు. పళ్ళెమును వట్టిగా తిరిగి ఇయ్యరాదు గదా. దానిలో నాలుగు జమ్మిరెమ్మలు, ఒక కాగితపు పొట్లము. పొట్లములో నల్లగా మెరయు ఆవగింజకంటె చిన్నవగు గునుగువిత్తులు.

"కట్టలు కోసేటప్పుడు రాలినయి, ఏరి పెట్టిన. తొలకరికి మన పెరట్ల చల్లుదాం పెద్దమ్మా, దూరం పోయేటిది తప్పుతది" అనెను.

పెద్దమ్మ పొట్లమును విప్పి, కంటికి దగ్గరగా పెట్టుకొని చూచి, కనబడక, వ్రేలికొనతో తడవి చూచెను. పిదప పీట జరిపి, "కూసో, అన్నం తిని పోదువు గని" అనెను.